జాతర కవర్ల దానా

కరిగిన ప్లాస్టిక్ నీళ్లలా పారుతుందని అనుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. అది నీళ్లలా పారే వస్తువే అయితే నేను ఈపాటికి మధ్యాహ్నం ఒక కునుకు తీస్తూ, ఎవరితోనూ గొడవ పడకుండా హాయిగా బతికేదాన్ని.

హన్మకొండలో మాదొక చిన్న కార్ఖానా. తాపీ పనివాళ్లు ఇసుకా సిమెంటూ మోసే నల్ల తట్టలు పోస్తాం. మా ఆయన మొదలుపెట్టి, సగంలో నా నెత్తిన పెట్టి వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాకు అర్థమైన సంగతి ఒక్కటే. పాత కవర్లు కరిగితే మక్క గటకలా చిక్కగా ఉంటుంది. అచ్చులోకి ఎంత తోసినా అంచుదాకా పోదు, తట్టకు చెవి రాదు. విరిగిన బకెట్లూ మగ్గులూ కరిగితే అంబలిలా జారుతుంది. అచ్చు సందుల్లోంచి బయటికి కారి అంచు పదునుతేలుతుంది, మోసేవాళ్ల చేతులు కోసుకుపోతాయి. రెండూ సరిగ్గా కలిపిన దానా కావాలి. దానా అంటే పెద్ద విషయమేమీ కాదు, పాత ప్లాస్టిక్‌ను కరిగించి, తీగలుగా లాగి, కందిగింజలంత ముక్కలుగా కోసింది.

"కలపడమే కదా, అదేం బ్రహ్మవిద్య" అని మొదట్లో నేనూ అన్నాను. చిక్కనిది సగం, పలచనిది సగం పోస్తే మధ్యరకం వస్తుందన్నది బడిలో నేర్చిన లెక్క. ప్లాస్టిక్ బడికి పోలేదు. సగం సగం కలిపినా అది చిక్కనిదాని వైపే మొగ్గుతుంది. పలచనిది చాలా పోస్తే తప్ప దాని మొండితనం దిగదు. ఈ మాట నాకు చెప్పినవాడు సారయ్య.

"చిక్కందే గెలుస్తదమ్మా," అన్నాడు ఒకసారి. "ఇంట్ల మొండి మనిషి ఒక్కలుంటే సాలు. మెత్తనోళ్లు నలుగురుండి ఏం లాభం?"

"మీ ఇంట్ల మొండి మనిషి ఎవరు సారన్నా?" అన్నాను.

అతను నీళ్లతొట్టి దగ్గర కవర్లు తొక్కుతున్న పెళ్లాం మొగిలమ్మ వైపు కళ్లతోనే చూపించి, ఆమె తిరిగి చూసేలోగా తల దించుకుని నవ్వాడు. సారయ్య నవ్వడం నేను చూసింది అలాంటి కొద్దిసార్లే.

వర్ధన్నపేట రోడ్డు మీద రాంప్రసాద్ అనే అతనికి ఒక రేకుల షెడ్డు ఉంది. నేను దానా కొనేది అక్కడే. సారయ్య అందులో మిషిన్ నడిపేవాడు. అంతకుముందు పత్తి మిల్లులో బస్తాలు మోసి నడుం పాడుచేసుకున్నాడు. బస్తాలు మోసినన్నాళ్లూ అతన్ని "ఓయ్", "అరేయ్" అని పిలిచినవాళ్లే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. రాంప్రసాద్ షెడ్డులో మిషిన్ దగ్గర నిలబడ్డాక ఆపరేటర్ సారయ్య అయ్యాడు. మొగిలమ్మ కూడా ఇరుగుపొరుగు దగ్గర "మా ఇంటాయన ఆపరేటర్" అని, ఎవరూ అడక్కపోయినా చెప్పుకునేది. ఆ షెడ్డులో మిగిలిన పని అంతా నేల మీద కూర్చుని చెత్త ఏరడం, లేదా నీళ్లలో నిలబడి తొక్కడం. నిటారుగా నిలబడి చేసే పని అదొక్కటే.

అతను పని చేసే తీరు చూడాలి. ఒక చేత్తో కవర్ల తునకలు, ఇంకో చేత్తో బకెట్ల తునకలు పిడికిళ్లతో ఎత్తి చూసి, డ్రమ్ములో పోసి, పారతో తిప్పేవాడు. మిషిన్ అవతలి చివర మురుకుల గొట్టంలోంచి వచ్చినట్టు వేడి తీగలు దిగుతాయి. ఒక తీగ కొస పట్టుకుని కొంచెం లాగి వదిలేవాడు. అది ఎంత సాగుతుందో, ఎక్కడ తెగుతుందో చూసి, "ఇంకింత బకెట్ వడాలె" అని తనలో తానే అనుకునేవాడు. అందులో గొప్పతనమేమీ లేదు, అలవాటు. మా ఇంట్లో ఇడ్లీ పిండి కలిపే ఆమె కూడా అంతే చేస్తుంది. కానీ అలవాటున్న మనిషి దొరకడం ఈ రోజుల్లో గొప్పే కదా.

ఈ మధ్య అతను బాగా అలిసిపోయాడు. మోకాళ్లు వంగేవి కావు. ఏం అడిగినా "ఇగ సాలమ్మా" అనేవాడు. చాలు అనేవాడే కానీ మానేవాడు కాదు. రాంప్రసాద్ ఇప్పటికే రెండు మూడుసార్లు "ముసలోడివైతానవు సారయ్యా, కుప్ప కాడ కూసోని ఏరుకో, మిషిన్ మీద కొత్తోణ్ణి పెడత" అన్నాడట. అలా అన్న రోజు సారయ్య అన్నం ముట్టలేదని మొగిలమ్మ నాతో చెప్పింది.

ఇంతలో మేడారం జాతర వచ్చింది, పోయింది. జాతర అయ్యాక మా వ్యాపారానికి అదొక పంట. అన్ని లక్షలమంది వాడి పారేసిన కవర్లు ట్రాక్టర్లకెక్కి ఊళ్లమీదికి వస్తాయి. రాంప్రసాద్ ఈసారి ఎప్పుడూ కొననంత కొన్నాడు. ఆ కవర్లతో చేసిన దానా మా కార్ఖానాకు వచ్చిన రోజే నా తల తిరిగింది. ఒక తట్ట బాగానే వచ్చేది. దాని వెంటే వచ్చిన తట్టకు చెవి సగమే ఉండేది. ఆ తర్వాతది అంచుల్లోంచి కారేది. ఒకే బస్తాలోని దానా ఒకసారి గటకలా, ఒకసారి అంబలిలా పారితే ఎవరు మాత్రం ఏం చేస్తారు? విరిచి చూస్తే లోపల బుడగలు, నల్లటి నలకలు. లోడు మొత్తం తిప్పి పంపాను. రాంప్రసాద్ ఫోన్లో బతిమాలి ఇంకో లోడు పంపాడు. అదీ అంతే. ఫోన్లో అరిస్తే సరిపోదని, పొద్దున్నే బండి తీసి షెడ్డుకు బయలుదేరాను. వస్తున్నానని రాంప్రసాద్‌కు కూడా చెప్పాను. అతను ఊళ్లో వేరే దుకాణం చూసుకుంటూ, రోజూ మిషిన్ ఆపాక సాయంత్రం వచ్చే మనిషి. ఆ రోజు నా కోసం పొద్దున్నే రావలసి వచ్చింది.

నేను వెళ్లేసరికి సారయ్య మిషిన్ ఆపి, కరిగిన ప్లాస్టిక్‌లోని చెత్తను వడకట్టే జాలి విప్పి గీకుతున్నాడు. మనిషి సగమయ్యాడు. కళ్లు లోపలికి పోయాయి.

"కలుపు మారుస్తనే ఉన్నమ్మా," అన్నాడు నేను అడగకముందే. "చిక్కగయితాందని బకెట్ పెంచిన. పలచనయింది. తగ్గించిన. మల్ల చిక్కగైంది. తీగ పట్టుకుంటే చేతుల తెగుతాంది. నా చెయ్యే చెడ్డదో, కండ్లే పోయినయో తెలుస్తలేదు. ఈ లోడు గూడ వాపస్ వస్తే కుప్ప కాడికే అన్నడు సేటు."

ఆ మాటలు నేను సగమే విన్నాను. షెడ్డులో అడుగు పెట్టినప్పటినుంచి నా ముక్కుకు ఇంకేదో తగులుతోంది. అరిసెలకు పాకం పట్టి, పొయ్యి మీద మరిచిపోతే ఇల్లంతా కమ్మేసే వాసన. ప్లాస్టిక్ కంపులో కూడా స్పష్టంగా తెలుస్తోంది.

"ఏంది సారన్నా, ఇక్కడ బెల్లం పాకం పడుతున్నారా?" అన్నాను. "ఎంత మాడిందో చూడు."

సారయ్య జాలి గీకడం ఆపాడు. "ఏడమ్మా?" అన్నాడు.

"ఏడేంది? నీ ముక్కు కిందనే."

అతను చేతిలోని జాలి వైపు చూశాడు, మిషిన్ వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. వాసన ఎటునుంచి వస్తుందో వెతికే మనిషి చూసే చూపు కాదది. నేను అప్పుడు గమనించలేదు, ఎందుకంటే అప్పుడే రాంప్రసాద్ వచ్చాడు.

రాంప్రసాద్‌కు గడప దగ్గరే తెలిసిపోయింది. తిన్నగా ఆరబెట్టిన కవర్ల కుప్ప దగ్గరికి పోయి ఒక గుప్పెడు ఎత్తాడు. కవర్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మడతల్లో గోధుమరంగు పూత, దాని మీద చీమల బారు.

"వీటిని కడిగింది ఎవరు?" అని అరిచాడు.

తొట్టి దగ్గర నుంచి మొగిలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె భయపడలేదు.

"నేనే సేటు. ముంచి తీసిన. తొక్కలే."

"ఎందుకు తొక్కలే?"

"అది బెల్లం గాదు సేటు, తల్లి బంగారం. మొక్కిన బంగారాన్ని కాళ్లతోని ఎట్ల తొక్కుత? మురికి కాలువల ఎట్ల పోస్త? నాతోని పని చేసేటోళ్లు గూడ తొక్కేది లేదన్నరు. నిప్పుల వడితే తప్పు లేదు, తల్లికే పోతది. కాలు వడితేనే పాపం."

జాతర తెలియనివాళ్లకు ఒక మాట. సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర సమర్పించే బెల్లాన్ని మా వైపు బెల్లం అనరు, బంగారం అంటారు. మనిషి ఎత్తు బెల్లం తూచి మొక్కు చెల్లిస్తారు. ఆ బంగారం చుట్టిన కవర్లే ట్రాక్టర్లలో ఇక్కడికి వచ్చాయి. మామూలుగా కవర్లను తొట్టిలో పోసి కాళ్లతో తొక్కి మురికి వదిలిస్తారు. వీటిని మాత్రం భక్తిగా ముంచి, భక్తిగా తీసి, భక్తిగా ఆరేశారు. మిషిన్ లోపల ఆ బెల్లం మాడి, బుడగలు లేచి, జాలిని మూసేసి, దారిని ఒకసారి బిగించి ఒకసారి వదిలింది. సారయ్య చేతిలో గానీ కలుపులో గానీ ఏ తప్పూ లేదు. దేవుళ్లతో నాకు గొడవ లేదు, కానీ వాళ్ల భక్తుల వల్ల నా తట్టలకు చెవులు పోతే ఒళ్లు మండుతుంది.

రాంప్రసాద్ ఏమంటాడా అని చూశాను. అతను కూడా ఈసారి మేడారంలో తన ఎత్తు బంగారం ఇచ్చి వచ్చినవాడే. చేతిలోని కవర్లను కింద పడేయబోయి ఆగిపోయాడు. వాటిని మెల్లగా కుప్ప మీద పెట్టి, చేతివేళ్లు కళ్లకద్దుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. బయటికి నవ్వలేదు.

కాసేపటికి తేరుకుని, "సరే, కడిగేటోళ్లకు భక్తి ఉన్నది. మరి నీకేమైంది సారయ్యా?" అన్నాడు. "ఇన్ని రోజులు మిషిన్ మీద నిలవడ్డవు. ఇంత వాసన వస్తాంటె నోరెందుకు తెరవలే?"

సారయ్య బదులు చెప్పేలోగానే మొగిలమ్మ అందుకుంది.

"ఆయనకు తెల్వదా సేటు? అన్ని తెల్సు. తల్లి బంగారమని ఊకున్నడు." ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఎన్నడు ఒక కొబ్బరికాయ కొట్టిన మనిషి గాదు. జాతరకు రమ్మంటే కాళ్లు నొస్తున్నయంటడు. అసొంటోడు గా వాసనల నిలవడి, తీగలు తెగుతున్నా, మీతోని మాటలు పడుతున్నా, కిక్కురుమనలే. నాతోని గూడ అనలే. నేను అడగలే. తల్లే మార్చింది సేటు."

రాంప్రసాద్ మెత్తబడ్డాడు. ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "గట్లనా సారయ్యా," అన్నాడు. "భక్తితోని జేస్తే నేనేమంట? తప్పు నాది గూడ ఉన్నది, చూసి కొనకపోతిని. ఇగ మీద బెల్లం కవర్లు పక్కకు పెట్టుండ్రి, ఏడినీళ్లల్ల చేతులతోని కడుగుదాం. మిషిన్ నువ్వే నడుపు. ఏం ఫికర్ చెయ్యకు."

అంతటితో అయిపోయింది. సారయ్య తల ఊపి ఊరుకుంటే చాలు. మిషిన్ అతనిదే, ఆపరేటర్ పేరు అతనిదే, భార్య దగ్గర ఎన్నడూ లేని గౌరవం పైనుంచి కొసరు. నేనైతే తల ఊపేదాన్ని. మీరైనా ఊపేవాళ్లు.

సారయ్య పక్కనున్న బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

"లేదు సేటు," అన్నాడు. "నాకు వాసన రాదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"కరోనల పోయింది. అందరికి మల్ల వచ్చింది, నాకు రాలే. చెప్తే మిషిన్ కాణ్నుంచి తీసేత్తరని చెప్పలే. తీగ పట్టుకుంటే తెలుస్తది గద, మోటరు సప్పుడు ఇంటే తెలుస్తది గద, ముక్కుతోని పనేముందిలే అనుకున్న." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "బెల్లం కాలుతాంటె గూడ తెల్వలే నాకు. రేపు పైపు తునక వడితే?"

ఆ మాటతో రాంప్రసాద్ ముఖం మారింది. బూడిదరంగు నీళ్ల పైపు ముక్క ఒక్కటి కవర్లలో కలిసి మిషిన్‌లో పడితే చాలు, వచ్చే పొగకు కళ్లూ గొంతూ మండిపోతాయి, ఊపిరి ఆడదు. మొదట వాసన పట్టి మిషిన్ ఆపి, అందరినీ బయటికి తరమాల్సింది ఆపరేటరే. సారయ్య వెనకాలే నీళ్లతొట్టి ఉంది. అందులో మొగిలమ్మా, మిగిలిన ఆడవాళ్లూ రోజంతా నిలబడి ఉంటారు.

"వీళ్లు నా ఎనకనే ఉంటరు సేటు," అన్నాడు సారయ్య. "భయంతోని సచ్చిపోతాన రోజు. ఇగ సాలు."

ఈసారి ఆ "చాలు" నిజమైన చాలు.

రాంప్రసాద్ కాసేపు అటూ ఇటూ తిరిగాడు. పాపం, మంచివాడే. "రేపటి సంది మిషిన్ కాడికి రాకు సారయ్యా," అన్నాడు చివరికి. "కుప్ప కాడ ఏరు. కలుపు నువ్వే చెప్పు, నడిపేటోణ్ణి చూస్త." సారయ్య తల ఊపాడు. బతిమాలలేదు. రాంప్రసాద్ మంచి దానా ఏమైనా మిగిలిందా చూడటానికి వెనక గదిలోకి పోయాడు. నన్ను కూర్చోమని ఒక కుర్చీ వేయించాడు. మాడు వాసన సంగతి అడిగినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఎవరో ఒకరు అడగాల్సిందే. కానీ అక్కడ కూర్చోవడం మాత్రం కష్టంగా ఉండింది.

మొగిలమ్మ నిలబడ్డచోటు నుంచి కదలలేదు. ఆమె ముఖంలోని వెలుగు ఆరిపోవడం నేను చూశాను. ఇరుగుపొరుగుకు చెప్పుకునే మాటా పోయింది, తల్లి మార్చిన మొగుడూ పోయాడు. అన్నం వేళైంది. మిగిలిన ఆడవాళ్లు డబ్బాలు తీసుకుని బయట నీడలోకి వెళ్లారు. ఆమె కూడా వాళ్లతో పోతుందనుకున్నాను. పోలేదు. సంచిలోంచి డబ్బా తీసి, అతని ముందు నేల మీద కూర్చుని మూత తీసింది.

"కరోన కాణ్నుంచి లేదా?" అని అడిగింది.

"లేదు."

"రుచి?"

"ఉప్పు తెలుస్తది, కారం తెలుస్తది. ఇంకేం తెల్వది."

"మల్ల నా కూర కమ్మగున్నదని రోజు అంటివి గదనయ్యా." అన్నది. "మొన్న బోటి కూర వండితే, ఏం వాసనే, ఇంకింత ఎయ్యి అంటివి. అది గూడ అబద్ధమేనా?"



"నీ మొఖం జూసి అన్ననే," అన్నాడు సారయ్య. "నువ్వు బుక్క నోట్లె వెట్టుకున్నంక నీ మొఖం జూస్త. నీకు మంచిగనిపిస్తే మంచిగున్నట్టే గద."

"అందుకేనా నన్ను పక్కన కూసోబెట్టుకుని తినుమంటివి? నీకంటె ముందు తినుమంటివి?" అన్నది మొగిలమ్మ. "ఏ మొగోడు అట్ల అనడని, వాడకట్టంత చెప్పుకున్న నేను."

ఆమె డబ్బా మూతలో అతనికి అన్నం పెట్టి, కూర వేసి, ముందుకు తోసింది. తను ఒక ముద్ద కలుపుకుంది. కలుపుకుని, అతనికి వీపు చూపిస్తూ, పూర్తిగా గోడ వైపు తిరిగి కూర్చుని నోట్లో పెట్టుకుంది.

సారయ్య ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె వీపు వైపే చూస్తున్నాడు. తినలేడు, దించలేడు. నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్తే చప్పుడవుతుందని వెళ్లలేదు.

మొగిలమ్మ నెమ్మదిగా నమిలింది. మింగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"పోపుల ఎల్లిగడ్డ మాడింది," అన్నది గోడతో. "తిను."